సన్న రేకు

పదో అడుగు మళ్లీ తప్పింది.

చిటపట కంపాస్‌ను బల్లకేసి కొట్టబోయి, ఉస్తాదు ఇటే చూస్తున్నాడని గమనించి ఆగింది. ఆమెకు ఆ పేరు పెట్టింది మేనత్త. ఈ పిల్ల మాట్లాడితే పోపు వేసినట్టే ఉంటుందని సరదాకి పెట్టింది. ముప్పై నాలుగేళ్లు వచ్చినా పేరు వదల్లేదు, కోపమూ వదల్లేదు.

వారంలో ఆరు రోజులు ఆమె కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆమె కంటికి ఆనుతుంది. అలాంటి మనిషి, ఆదివారం పొద్దున ఈ మసీదు వెనక గదిలో కూర్చుని, ఒక్క వృత్తాన్ని పది సమభాగాలు చేయలేక నాలుగు వారాలుగా నానా తంటాలు పడుతోంది.

పొడవాటి గది, పొడవాటి బల్ల, చుట్టూ పదకొండు మంది. ఇక్కడ రబ్బరు వాడకూడదు. స్కేళ్ల మీది అంకెలను ఉస్తాదు మొదటి రోజే గరుకు కాగితంతో అరగదీయించాడు. అంకె కనిపిస్తే బుద్ధి లెక్కల మీదికి పోతుందట. ముందు వృత్తం గీయాలి. అందులో ఒక నిలువు గీత, ఒక అడ్డగీత. వాటిని ఆసరా చేసుకుని మరో రెండు వంపులు గీస్తే వృత్తంలో పదో వంతు ఎంతో తేలుతుంది. కంపాస్ కాళ్లను అంత మేరకు తెరిచి, ఇక కదల్చకుండా, వృత్తం అంచున అడుగులు వేయించుకుంటూ పోవాలి. పదో అడుగు బయల్దేరిన చుక్కలోనే దిగాలి. దిగిందా, ఆ పది చుక్కల్లోంచి గీతలు లాగితే పది రేకుల నక్షత్రం విచ్చుకుంటుంది. ఆ గీతల్నే ఇంకా ముందుకు లాగితే పక్క నక్షత్రాలు పుడతాయి. దిగలేదా, అంతే సంగతులు.

"పైనుంచి మొదలు, కుడివైపుకి నడక," అని ఉస్తాదు పాఠం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చెబుతాడు. "మా గురువు అలాగే నడిపించాడు. యాభై ఏళ్లుగా నా చెయ్యీ అలాగే నడుస్తోంది."

డెబ్బై దాటిన మనిషి. తెల్లటి గడ్డం, మెత్తటి గొంతు. వచ్చి ఆమె కాగితం మీదికి వంగాడు. పదో అడుగు మొదటి చుక్కను దాటిపోయి రవ్వంత అవతల పడింది.

"చెయ్యి జారిందమ్మా," అన్నాడు నవ్వుతూ. "పర్వాలేదు, ఇంకో కాగితం తీసుకో."

చిటపటకి ఒళ్లు భగ్గుమంది. ప్రపంచంలో ఏ మాటైనా అను, ఆ మాట మాత్రం అనకు. అదీ ఈ నోటితో అసలే అనకు.

ఎందుకంటే ఆ రెండు ముక్కలే వాళ్ల ఇంటిని మింగేశాయి. మసీదు ముందు నడవలో ఎడమచేతి గోడంతా సున్నపు గార మీద చెక్కిన పని ఉంది. మధ్యలో మనిషెత్తు నక్షత్రం, చుట్టూ చిన్న నక్షత్రాలు. గీసింది ఉస్తాదు, చెక్కింది చిటపట నాన్న. పన్నెండేళ్ల పిల్లగా ఆమె రోజూ మధ్యాహ్నం అక్కడికి అన్నం గిన్నె మోసుకెళ్లి, నాన్న తినేదాకా కూర్చుని, గోడ మీద ఒక్కో రేకు లేవడం చూసేది. పరంజా విప్పిన రోజు పెద్దలందరూ వచ్చారు. పెద్ద నక్షత్రంలో ఒక రేకు సన్నగా ఉందని వాళ్లలో ఒకాయన వేలు చూపించాడు. అందరూ ఉస్తాదు వైపు తిరిగారు. ఉస్తాదు ఆమె నాన్న వైపు తిరిగాడు.

"చెయ్యి జారింది," అన్నాడు.

మర్నాటి నుంచి ఊళ్లో ఏ మేస్త్రీ నాన్నను పనికి పిలవలేదు. బళ్లో పిల్లలు ఆమెను జారుడుబల్ల అని ఏడిపించారు. ఒకడి పన్ను రాలగొట్టి ఆమె వారం రోజులు బడి బయట నిలబడింది. నాన్న మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఉలులన్నీ వీధిలోవాళ్లకి తలా ఒకటి పంచేసి, ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే పనిలో చేరాడు. మీటలు ఎడమ చేత్తో నొక్కుతాడు. కుడిచెయ్యి ఎప్పుడూ చంకలోనో జేబులోనో ఉంటుంది, చూపించుకోరానిది ఏదో అక్కడ దాచినట్టు.

నాలుగు నెలల కిందట ఉస్తాదు పాఠాలు చెబుతున్నాడని తెలిసి చిటపట వచ్చి చేరింది. తను ఎవరి కూతురో చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆదివారాలు కూడా దుకాణం తెరుస్తున్నారని ఇంట్లో అబద్ధమాడింది. ఎందుకు చేరిందంటే ఆమె దగ్గర సరైన జవాబు లేదు. నాన్నను ముంచిన ఆ గీతలు అసలు ఏమిటో, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో తెలుసుకోకపోతే ఆమెకు నిద్ర పట్టేలా లేదు.

ఉస్తాదు పక్కవాళ్ల దగ్గరికి కదిలాడు. చిటపట కొత్త కాగితం తీయలేదు. పదో అడుగు తప్పితే తప్పింది పొమ్మని, మొదటి చుక్కనే పదో చుక్కగా సర్దేసింది. అలా చేయకూడదు. తెలిసీ, మొండికేసి చేసింది. ఆ తప్పుడు చుక్కల్లోంచే గీతలన్నీ కాగితం అంచుదాకా కసికొద్దీ లాగింది. అరగంటకి నక్షత్రం తయారైంది. కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

తొమ్మిది రేకులు ఒకేలా ఉన్నాయి. పదోది, పై కొనకి సరిగ్గా ఎడమ పక్కనున్నది, సన్నగా ఉంది.

ఆ రేకును ఆమె ఎరుగును. ఇరవై రెండేళ్లుగా ఎరుగును.

"నీళ్లు తాగొస్తాను," అని ఎవరికో చెప్పి నడవలోకి పరిగెత్తింది. గోడ ముందు నిలబడి కాగితాన్ని పైకెత్తి పట్టుకుంది. అదే చోట అదే రేకు. పైనుంచి మొదలు, కుడివైపుకి నడక. అడుగు రవ్వంత పెద్దదైతే, మిగిలిన తేడా అంతా వచ్చి పడేది ఆఖరి రేకు మీదే. అంటే పై కొనకి ఎడమ పక్కన.

అయినా నాన్న విషయంలో ఆమె తనను తాను నమ్మదు. బ్యాగులోంచి దారం ఉండ తీసింది. సగం ఫ్రేము కళ్లద్దాలకి అద్దాన్ని పట్టి ఉంచే సన్నటి నైలాను దారం, ఎప్పుడూ ఆమె దగ్గర ఉంటుంది. ఒక కొసను సన్న రేకు అంచున టేపుతో అంటించి, రెండోది బిగించి లాగుతూ గోడ వెంట నడిచింది. దారం గీత మీదే పోయింది. పక్క నక్షత్రంలోంచి, దాని పక్కదానిలోంచి, గోడ అంచుదాకా ఎక్కడా వంక లేకుండా పోయింది. చివర్లో మాత్రం మూలనున్న నక్షత్రపు కొనను అందుకోవలసిన గీత గోరు మందం పక్కకి తప్పింది.

ఉలి జారితే జారిన చోటే తప్పుతుంది. జానెడు అవతల మళ్లీ చెయ్యి దారిలో పడుతుంది. ఇంత పొడవునా, మూడు నక్షత్రాల్లోంచి, ఇంత తిన్నగా తప్పడం ఏ ఉలివల్లా కాదు. ఇది కాగితం మీద తప్పిన గీత. నాన్న ఆ తప్పును పొల్లుపోకుండా చెక్కాడు.

చిటపట దారం రెండో కొసను కూడా అక్కడే టేపుతో అంటించేసి ఇంటికి నడిచింది. నడిచిందంటే మాట వరసకే. దారిలో ఎదురైన వాళ్లు పక్కకి తప్పుకున్నారు.

నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, కుడిచెయ్యి చంకలో పెట్టుకుని.

"నాన్నా, చెప్పులేసుకో. గోడ దగ్గరికి వెళ్దాం."

ఏ గోడని ఆయన అడగలేదు. ఆ ఇంట్లో గోడంటే ఒకటే.

"నేను రాను."

"నీ ఉలి జారలేదు నాన్నా."

"జారింది. నా చెయ్యి నాకు తెలీదా?"

"జారినట్టు నీకు గుర్తుందా?"

"గుర్తు లేదు. అంతమంది అన్నారు కదా, జారే ఉంటుంది."

చిటపట కాగితాన్ని ఆయన ఒళ్లో పడేసింది. "ఇది పొద్దున నేను గీశాను. అదే రేకు, అదే చోట. నా చేతిలో ఉలి ఉందా?"

నాన్న కాగితం చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు. "ఎక్కడ నేర్చుకున్నావిది?"

"ఆయన దగ్గరే. నాలుగు నెలలైంది."

"వాడి దగ్గరా?" అని కుర్చీలోంచి సగం లేచాడు. "నా కూతురివై ఉండి వాడి ముందు కూర్చున్నావా?"

"కూర్చున్నాను. కూర్చోబట్టే తెలిసింది. తిట్టాలంటే తర్వాత తీరిగ్గా తిట్టు, ముందు పద."

నాన్నకి ఆ గీతల పుట్టుక ఎన్నడూ తెలీదు. మేస్త్రికి గీతలు నేర్పరు. ఆయన చేతికొచ్చేది పూర్తయిన కాగితం. గీతల వెంబడి సూదితో బెజ్జాలు పొడిచి ఉంటుంది. దాన్ని గార మీద ఆనించి బొగ్గుపొడి మూటతో తట్టితే గోడ మీద నల్లటి చుక్కలు మిగులుతాయి. చుక్కలు ఎటు నడిపిస్తే ఉలి అటు నడవాలి. వృత్తం ఎక్కడ మొదలైందో, ఎన్ని అడుగుల్లో తిరిగొచ్చిందో మేస్త్రి అడగడు, ఎవరూ చెప్పరు.

వాళ్లు వెళ్లేసరికి ఉస్తాదు విద్యార్థుల్ని వెంటబెట్టుకుని గోడ ముందే ఉన్నాడు. నెలకోసారి అక్కడ నిలబడి ఒక కథ చెబుతాడు. చిటపట అప్పటికే మూడుసార్లు విని, పళ్లు నూరి, ఇంటికొచ్చి నోరు కట్టేసుకుంది. గోడ ముఖం చూడని నాన్నకి ఆ కథ తెలీదు.

"లోపం లేకుండా చేయగలిగింది పైవాడొక్కడే," అంటున్నాడు ఉస్తాదు మెత్తటి గొంతుతో. "మనిషి ఆ మాట మరిచిపోకూడదు. అందుకే ఈ ఒక్క రేకును నేను కావాలనే సన్నగా వదిలేశాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు దీని ముందు నిలబడి కళ్లు తుడుచుకుంటారు."

నాన్న నడవ మొదట్లోనే ఆగిపోయాడు. చిటపట ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఆయన విద్యార్థుల మధ్యలోంచి గోడ దగ్గరికి వెళ్లాడు. దారం అక్కడే బిగుసుకుని ఉంది. చంకలోంచి కుడిచెయ్యి తీసి, బొటనవేలి గోటితో సన్న రేకు అంచును పైనుంచి కిందిదాకా తడిమాడు. అక్కడినుంచి దారం వెంబడి గోడ చివరిదాకా తడుముకుంటూ వెళ్లాడు. ఉలి జారితే గార అంచు చిట్లుతుంది. ఎంత సర్దినా గోటికి తగులుతుంది. ఎక్కడా చిట్లలేదు. తన పనిని తాను ఇరవై రెండేళ్ల తర్వాత చూసుకుంటున్నాడు, పని బాగుంది.

వెనక్కి తిరిగి వచ్చి ఉస్తాదు ఎదురుగా నిలబడ్డాడు.

"వినయం మీదీ, తప్పు నాదీనా?"

ఉస్తాదు కళ్లు చికిలించి చూశాడు. గుర్తుపట్టాడు. గడ్డం నిమురుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆయన చూపు దారం మీదుగా గోడ చివరిదాకా వెళ్లి, కాసేపు అక్కడే ఉండిపోయింది. ఆయనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ఎప్పటి మాటో," అన్నాడు చివరికి. "ఆరోజు పెద్దలందరూ నిలబడి ఉన్నారు. ఏదో ఒకటి చెప్పాలి కదా."

"ఏదో ఒకటి," అన్నాడు నాన్న.

"ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకివన్నీ? జనం దీన్ని ఇష్టపడుతున్నారు. అందులో నీ చేతి పనికీ పేరే కదా."

"ఏ పేరు?" అని అరిచింది చిటపట. "ఆయన పేరు ఎప్పుడైనా చెప్పారా మీరు? నేను మూడుసార్లు విన్నాను. ఒక్కసారైనా చెక్కింది ఫలానా మనిషి అన్నారా? మీ వినయంలో ఆయనకి ఆ మాత్రం చోటు లేకపోయిందా?"

ఉస్తాదు ఆమెను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "నువ్వు ఇతని..." అని ఆగాడు. విద్యార్థుల్లో ఎవరో తన కాగితాన్ని చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నారు. "పాఠం అయిపోయింది, లోపలికి నడవండి," అన్నాడు ఉస్తాదు. ఎవరూ కదల్లేదు. ఆయనొక్కడే లోపలికి వెళ్లాడు.

ఇంటిదారిలో చిటపట వీధంతా మండిపడుతూనే ఉంది. "ఆ ఒక్క మాటతో సరిపెట్టావేం? నాలుగు దులిపేయాల్సింది. గడ్డం పట్టుకుని అడగాల్సింది. ఇరవై రెండేళ్లు నాన్నా!"

ఆయన ఇంటి మెట్ల దగ్గర ఆగాడు.

"నా చెయ్యే జారిందనుకున్నంత కాలం, పోనీలే, నా ఖర్మ నాది అనుకున్నాను. దానికి అలవాటు పడ్డాను," అన్నాడు. "ఇప్పుడు ఈ ఇరవై రెండేళ్లు తీసుకెళ్లి ఎవడి నెత్తిన కొట్టమంటావ్? ఎందుకు చూపించావే నాకు?"

చిటపట ఒక్కతే పైకి వెళ్లి, ఖాళీగా ఉన్న నాన్న కుర్చీ ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపులో కూడా సగం కోపమే. తనమీద కొంత, ఉస్తాదుమీద ఎక్కువ.

కాసేపటికి కింద కేకలు వినిపించాయి. చెప్పులు కుట్టే ఆయన కొట్టు ముందు ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఎవరి గొంతో ఆమెకి వెంటనే తెలియలేదు, ఆ గొంతు అంత పైకి లేవడం ఆమె ఎన్నడూ వినలేదు.

"ఇరవై ఏళ్ల కిందట నువ్వే ఇచ్చావు కదయ్యా!" అంటున్నాడు చెప్పులు కుట్టే ఆయన.

"అప్పుడు గడ్డి తిని ఇచ్చాను! ఇప్పుడు ఇచ్చెయ్!"

"అట్టలు గీకడానికి నాకూ ఇదొక్కటే ఉంది."

"అట్టలు గీకడానికా? అట్టలా? అది ఉలి! గార చెక్కే ఉలి! దాని పదునంతా ఏం చేశావురా, చూడు, చూడు దీని మొహం!"

చిటపట మెట్ల మీదికి వచ్చింది. పక్కింటావిడ కంగారుగా ఎదురొచ్చి, "మీ నాన్నకేమైంది? ఎప్పుడూ ఇలా లేడే! వెళ్లి ఆపు," అంది.

"అరవనీ," అంది చిటపట.

కింద జనం పోగవుతున్నారు. నాన్న ఎవరినీ చూడలేదు. వీధి మధ్యలో నిలబడి, కుడిచెయ్యి ముందుకు చాపి, ఉలి ఇచ్చేదాకా కదిలేది లేదన్నాడు.