తప్పుగా విప్పిన మాట

ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్లు దుప్పట్లు ఉతికిన అక్క, ఇంకో మూడు రోజుల్లో రిటైరవుతుందనగా, టైపు చేసిన కాగితమొకటి తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

"మేట్రన్‌గారు ఇచ్చారురా. నా గురించేనట. చదివి చెప్పు."

తమ్ముడు గోదాములో గుమాస్తా. ప్రమోషన్ పరీక్ష కోసం సాయంత్రాలు ఇంగ్లిష్ క్లాసుకు వెళ్తున్నాడు. 'ఇన్' అనే ముక్క లాటిన్‌లోంచి వచ్చిందనీ, మాట ముందు చేరితే 'కాదు' అనే అర్థమిస్తుందనీ ఆ వారమే నేర్చుకున్నాడు. కరెక్ట్‌కి ఇన్‌కరెక్ట్, విజిబుల్‌కి ఇన్‌విజిబుల్. అప్పటినుంచీ ఇంట్లో ప్రతి డబ్బా మీది మాటనూ విప్పి చూపిస్తున్నాడు.

ఉత్తరంలో 'ఇన్‌వాల్యుబుల్' దగ్గర ఆగాడు. నిఘంటువు చేతికందేంత దూరంలోనే ఉంది. తీయలేదు.

"వాల్యుబుల్ అంటే విలువైనది. ముందు ఇన్ ఉంది. అంటే నీ పని విలువలేనిదని."

"పోన్లే," అని అక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో ఇచ్చిన వీడ్కోలు టీకి, ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్లలేదు.

ఆ సాయంత్రమే క్లాసులో తమ్ముడు గొప్పగా చెయ్యెత్తి అదే మాట విప్పాడు. టీచరమ్మ నవ్వేసింది.

"ఇన్ అంటే కాదనేనండీ. కానీ ఇక్కడ విలువ లేదని కాదు, విలువ కట్టలేమని. మన 'అమూల్యం' లేదూ? అందులో 'అ' కూడా లేదనే చెప్తుంది. అమూల్యమైన సాయమంటే పనికిరాని సాయమనా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి, అక్క మొహంలోకి చూడలేక, గోడకేసి చూస్తూ అంతా చెప్పాడు.

"తప్పు చదవడం ఎవరికైనా జరుగుతుందిరా," అంది అక్క. "ఇన్నేళ్లు నన్ను చూశావు. మా అక్క గురించి ఇలా ఎందుకు రాస్తారని నీకు ఒక్క క్షణమైనా అనుమానం రాలేదు చూడూ."



మర్నాడు ఆమెకు ఆఖరి రోజు. అతను సెలవు పెట్టి వెంట వెళ్లాడు. ఆవిరి నిండిన గదిలో, బట్టలు మడతపెడుతున్న అందరి ముందూ మేట్రన్‌తో చెప్పాడు.

"నిన్న అక్క రాకపోవడానికి కారణం నేనేనండీ. మీ ఉత్తరం తప్పుగా చదివి, తన పనికి విలువలేదని రాశారని చెప్పాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త తేలికయ్యేది. మేట్రన్ అక్క వైపు తిరిగింది.

"నువ్వెలా నమ్మావు తల్లీ?"

"సొంత తమ్ముడు చెప్పాడు కదమ్మా."

అంతలో మిషన్ ఆగింది. అక్క తడి దుప్పటి బయటికి లాగింది. రెండో కొస పట్టుకుందామని అతను ముందుకు కదిలేలోపు, పక్కనున్నామె పట్టుకుంది.