తాడు రెండో కొస

ఎత్తు గోడలకి రంగులు వేసే ఆ మనిషి ఎక్కడ పనుంటే అక్కడ పొద్దున ఏడింటికి మోకరించేవాడు. ఆమెన్ అనగానే పైనుంచి తాడు దిగేది. తెల్లటి తాడు, మధ్యలో ఒక ఎర్రపోగు. రెండో కొస మబ్బుల్లోకి పోయేది. దాన్ని నడుముకి బిగించుకుని ఆయన పైకి పోతుంటే, దారిన పోయేవాళ్లు తలమీద రంగు పడకుండా పక్కకి తప్పుకునేవాళ్లు, అంతే.

రెండేళ్లుగా ఇదే వరస. అంతకుముందు ఆయన తాడు మనుషుల చేతుల్లోనే ఉండేది. మనుషులంటే ఎవరో కాదు, సొంత బావమరిది. ఒకరోజు ఫోను మోగితే "ఒక్క నిమిషం బావా" అని తాడు వదిలేశాడు ఆ ప్రబుద్ధుడు. బావ ఎడమకాలు మూడుచోట్ల విరిగింది. మంచంలోనే ఒట్టు పెట్టుకున్నాడాయన: "ఇక మనుషుల మీద ఆధారపడను. దేవుడొక్కడు చాలు." పాస్టరుగారు ఆయన చేత అందరి ముందూ సాక్ష్యం చెప్పించారు. జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో బావమరిదికి మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇప్పుడు వాడు చర్చి వెనక వీధిలో, బేకరీలో పిండి పిసుకుతున్నాడు. బావ వాడితో మాట్లాడడు. అక్క చాటుగా ఫోను చేస్తుంది. రోజూ ఏడింటికి పిండిలో చేతులుంచి, "ప్రభువా, మా బావని పడనివ్వకు" అనుకుంటాడు. అంతకుమించి వాడి వల్ల అయ్యేదేముంది?

ఆ వారం బావకి చర్చి శిఖరం మీదే పని. ఒకరోజు పొద్దున, బేకరీలో పొయ్యి నిండా బ్రెడ్లున్నాయి, యజమాని ఇంకా రాలేదు. పొగగొట్టంలోంచి సరసరమంటూ ఏదో జారి, బల్లమీది పిండిలో చుట్టలు చుట్టలుగా పడింది. తెల్ల తాడు, ఎర్రపోగు.

ఇదిక్కడికెందుకొచ్చిందీ అనుకునేలోపే చుట్టలు విడుతూ తాడు మళ్లీ పైకి పోసాగింది. మొదట మెల్లగా, తర్వాత జోరుగా. అటు చివర ఎవరున్నారో వాడికి వేరే చెప్పాలా? ఎగిరి రెండు చేతులా పట్టుకున్నాడు. అరచేతుల తోలు లేచిపోయింది. బల్లకాలికి పాదం తన్నిపెట్టి వెనక్కి వాలాడు. తాడు ఆగింది.

ఫోను మోగింది. అక్క.

"మోగి చావు!" అని అరిచాడు వాడు.

పొయ్యిలోంచి మాడువాసన, ఆపైన పొగ. కళ్లు మండుతున్నాయి. ఫోను ఆగి మళ్లీ మోగింది. నెత్తురికి తాడు అంగుళం జారింది.

"ప్రభువా, పోయి పోయి నా చేతుల్లో పెట్టావేంటి? నా చేతుల సంగతి నీకు తెలీదా?" అని బావురుమన్నాడు.

అప్పుడు తాడు రెండుసార్లు అదిరింది. బావ నేర్పిన సైగే అది. ఒక లాగు ఆపమని, రెండు దించమని. అటువైపు ఎవరున్నారో తెలియకపోయినా అలవాటు పోలేదాయనకి. వాడు పళ్లు బిగబట్టి జానెడు జానెడు వదిలాడు. ఎంతసేపో తెలీదు. చివరికి తాడు వదులైంది.

"ఫోనెత్తవేంరా! మీ బావ తాడు పట్టు తప్పిందని, నిచ్చెన తెమ్మని..." అంటూ దూసుకొచ్చిన అక్క వాడి చేతులు చూసి ఆగిపోయింది. ఆమె వెనకే బావ కుంటుకుంటూ, తాడుని మోచేతికి చుట్టుకుంటూ, అది ఎటు తీసుకొస్తే అటే వచ్చాడు.

"నువ్వా పట్టుకుంది?" రెండేళ్లకి మొదటి మాట.

"దేవుడే బావా. నేను ఈ పూటకి పట్టుకున్నానంతే."

"పడుతూ ఆయన్నే పిలిచాను," అన్నాడు బావ. వాడి అరచేతులు తిప్పి చూశాడు. "ఎప్పటికి మానతాయి?"

"పదిరోజులు పడుతుందేమో."

"అయితే పదిరోజులు పని ఆపుతాను."

పదకొండోరోజు ఏడింటికి బావ చర్చి ముందు మోకరించాడు. ఆమెన్ అన్నాడు. పైనుంచి ఏమీ దిగలేదు. ఇంకాసేపు అలాగే ఉండి, ఇంకోసారి ఆమెన్ అని లేచాడు. సంచిలోంచి మామూలు తాడు తీసి బావమరిది చేతుల్లో పెట్టాడు.

"ఫోను?"

"అక్క దగ్గరుంది."

"సరే," అని బావ గోడ ఎక్కడం మొదలుపెట్టాడు. బావమరిది కింద కాళ్లు దన్నుపెట్టి, పెదాలు కదుపుతూ, తాడు పట్టుకుని నిలబడ్డాడు.