అత్తగారి కాళ్లకింద తడి

మూడు వారాలుగా కారులో అత్తగారి కాళ్లకింద మ్యాటు తడుస్తోంది. ఆవిడ నీళ్లసీసాకి మూత సరిగ్గా పెట్టడం లేదని అల్లుడు తేల్చేశాడు. కాదని ఆవిడ ఎంత మొత్తుకున్నా వినలేదు. నిన్న భోజనాల దగ్గర, పిల్లల ముందే, "చంటిపిల్లలు నయం" అనేశాడు. తెల్లారేసరికి ఆవిడ పెట్టె సర్దేసింది. ఇక ఈ గడప తొక్కనంది.

"దారిలో ఏం చెబుతారో నాకు తెలీదు. మా అమ్మ లేకుండా ఇంటికి రాకండి" అంది భార్య.

బస్టాండుకి సగం దారిలో ఇంజను వేడెక్కి ముల్లు ఎర్రగీత దాటింది. అదృష్టంకొద్దీ పక్కనే మెకానిక్ షెడ్డు. అత్తగారు మాత్రం ముందుసీట్లోంచి దిగలేదు.

"బస్టాండులో దింపుతానన్నారుగా అల్లుడుగారూ. బస్టాండు వచ్చాకే దిగుతాను."

ఇంజను చల్లారాక మెకానిక్ రేడియేటరు మూత తీశాడు. "కూలెంటు సగం కూడా లేదు సార్."

"మొన్నేగా పోశాను! బండి కింద ఒక్క చుక్క పడితే ఒట్టు."

"అయితే తాగేస్తోందా?"

మూత ఉన్నచోట చేతిపంపు బిగించి గాలి కొట్టాడు. పంపు మీది ముల్లు పైకి లేచి, మెల్లగా దిగజారింది. ఎక్కడో కారుతోంది. గొట్టాలు తడిమాడు, పొడి. బండి కిందకి దూరాడు, పొడి. మళ్లీ కొట్టాడు.

"అల్లుడుగారూ!"

అత్తగారు రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉంది. "చూడండి, సీసా ఉందా? అది డిక్కీలో ఉంది. మరి నా పాదం మీద పడ్డ చుక్క ఎవరిది?"

మెకానిక్ మ్యాటు తడిమి వేలు వాసన చూశాడు. పచ్చటి జిడ్డు, తీపి వాసన. "కూలెంటు డాష్‌బోర్డు వెనక హీటరులోకీ వెళుతుంది సార్, అదే కారుతోంది. ఇన్నాళ్లూ మీ కూలెంటంతా అమ్మగారి కాళ్లమీదే."

అల్లుడు అత్తగారి మొహం వైపు కాకుండా మ్యాటు వైపు చూశాడు. రోజూ పొద్దున్నే దేవుడి ముందు తప్పులన్నీ గడగడా ఒప్పుకునే మనిషే. దేవుడు ఎదురు మాట్లాడడు, అదొక సుఖం.

చుక్క ఎక్కణ్ణుంచి పడుతోందో చూద్దామని మోకాళ్లమీద కూర్చుని, డాష్‌బోర్డు కిందకి తల దూర్చాడు. మెకానిక్ మళ్లీ పంపు కొట్టసాగాడు. అల్లుడి నుదురు అత్తగారి పాదాలకు తగిలింది.

"అయ్యయ్యో, లే నాయనా! ఇంత పని చేస్తావా!"

చుక్క కోసం వంగానంటే ఆవిడ బస్సెక్కుతుంది. అనకపోతే అబద్ధమవుతుంది. అలాగే ఉండి ఆలోచించాడు. వంగడం ఎలాగూ అయిపోయింది, మిగిలింది ఒక్క మాటేగా?

"తప్పు నాదే అత్తయ్యా. ఇంటికి వెళదాం."

అత్తగారు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"బాబూ, నువ్వు కాస్త ఆ పంపు ఆపు. మా అల్లుడు ఏదో అంటున్నాడు, సరిగ్గా వినపడట్లేదు."