మగ్గం ఆగితే లేచే పాప

నగరిలో నేతపనివాళ్ళ వీధికి మీరెప్పుడైనా వెళ్ళారా? వెళ్ళకపోతే ఒకసారి వెళ్ళి రండి. వీధి మొగదలలో అడుగు పెట్టగానే మీ మాట మీకే వినిపించదు. ఇంటింటా మరమగ్గాలు. ముందుగదిలో నాలుగు, నడవలో రెండు, వంటింటి గోడను ఆనుకొని ఇంకొకటి. వాటికి పోగా మిగిలిన చోట మనుషులు. కరెంటు ఉన్నంతసేపూ నాడెలు అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంటాయి, గోడలు అదురుతూనే ఉంటాయి. ఆ మోతలోనే వండుకుంటారు, తింటారు, ఆ మోతలోనే పిల్లల్ని పెంచుతారు.

అక్కడ ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. పిలిచి లాభం లేదు మరి! దగ్గరికి వెళ్ళి భుజం తడతారు. దూరంగా ఉంటే చెయ్యి ఊపుతారు. రెండు వేళ్ళు విడదీసి చూపిస్తే పోగు తెగిందని అర్థం. అరచేత్తో గాలిని కోస్తే మగ్గం ఆపమని. వేళ్ళు నోటిదాకా తీసుకెళ్తే అన్నానికి రమ్మని. తరాలుగా కాకపోయినా, మరమగ్గాలు వచ్చినప్పటి నుంచి ఆ వీధికి అలవాటైన భాష ఇది.

ఆ వీధిలోనే లోకేష్ ఇల్లు. అతని కూతురు లోహితకు మూడో ఏడు నడుస్తోంది. మగ్గాల గది దూలానికి చీరతో కట్టిన ఊయలలో, అంత మోతలోనూ, ఆ పాప హాయిగా నిద్రపోయేది. మేలుకుంటే గోడకు చెంప ఆనించి తనలో తాను నవ్వుకునేది. ఏడుపు లేదు, పేచీ లేదు. వచ్చిన చుట్టాలు ముక్కున వేలేసుకునేవారు.

"అబ్బా, యెంత బుద్ధిమంతురాలు! మా పిలకాయలు అయితే ఇల్లు పీకి పందిరేస్తారు" అనేవారు.

పాప అవ్వ చౌడేశ్వరమ్మ మురిసిపోయి సాయంత్రం దిష్టి తీసేది. ఎంతోమంది ఆ ఊయల చూశారు. ఒక్కరికైనా గుండె జల్లుమనలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పాప తల్లి ఉదయలక్ష్మి. పెళ్ళయ్యాక ఆగిపోయిన చదువును మళ్ళీ మొదలుపెట్టి, పుత్తూరు దగ్గర ఒక కాలేజీలో బి.ఇడి. చదువుతోంది. పొద్దున పోతే సాయంత్రం దాకా పాప అత్తగారి దగ్గరే. ఒకనాడు ఆమె ఇంటికి వచ్చేసరికి మగ్గాల గదిలో నవ్వులు. లోహిత నాన్న లుంగీ పట్టుకు లాగి, మూడో మగ్గం వైపు తిరిగి, రెండు చిట్టి వేళ్ళు విడదీసి చూపించిందట. లోకేష్ వెళ్ళి చూస్తే నిజంగానే పోగు తెగి ఉంది.

"సూస్తివా నా మనవరాల్ని! ఇంత వుండాది, అప్పుడే పని నేర్చేసింది" అని చౌడేశ్వరమ్మ పాపను ఎత్తుకొని ముద్దులు పెట్టింది.

ఉదయలక్ష్మి కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగింది. "అత్తా, వేళ్ళు చూపిస్తాండాది సరే. 'అమ్మ' అని ఇంకా అనలేదే?"

"అంటాదిలేమ్మా. మీ ఆయన మాత్రం యెప్పుడు మాట్లాడినాడు? నాలుగేండ్లకు గాని నోరు తెరవలా. వస అరగదీసి నాలికకు రాస్తానే వుండా. ఒకతూరి మొదలు పెట్టిందంటే వసపిట్టే! నువ్వే నోరు మూయమంటావు, సూడు."

ఆ మాటతో ఉదయలక్ష్మి మనసు కుదుటపడింది. మనకూ అంతే కదా, పెద్దవాళ్ళు ధీమాగా ఒక మాట అంటే ఆలోచించే పని తప్పుతుంది.

కాలేజీలో సైకాలజీ చెప్పే కృపామణి మేడం ఆ వారం ఒక పని ఇచ్చింది. బిడ్డ మనసు ఎలా ఎదుగుతుందో చెప్పే సిద్ధాంతాలు అప్పటికే చెప్పేసింది. విద్యార్థులందరూ నోట్సు బట్టీ పట్టేశారు. అది చూసే ఆమెకు కోపం వచ్చినట్టుంది.

"పుస్తకంలోది నాకొద్దు. అది నాకూ వచ్చు. మీరు చిన్నప్పుడు ఒక పని యెట్ల నేర్చుకున్నారో గుర్తు తెచ్చుకోండి. యెవరు నేర్పినారు? యెట్ల నేర్పినారు? మనం చదివిన సిద్ధాంతం దానికి సరిపోతాదా లేదా? వచ్చి నిలబడి చెప్పండి."

ఉదయలక్ష్మికి తన అవ్వ తాయమ్మ గుర్తుకొచ్చింది. నారాయణవనంలో అవ్వది గుంట మగ్గం. చేత్తో నేసేది, కాళ్ళతో తొక్కేది. ఆ మగ్గానికి చప్పుడు ఉన్నా, మనిషి మాటను మింగేసేంత చప్పుడు కాదు. పసిపిల్ల ఉదయ పక్కనే కూర్చునేది. "ఎర్ర కండె తే తల్లీ" అని అవ్వ ఎర్ర నూలు చుట్టిన కండెను వేలితో చూపించేది. కొన్నాళ్ళకు వేలు చూపించడం మానేసి మాట మాత్రం అనేది. ఇంకొన్నాళ్ళకు, "ఈ అంచుకు యేది బాగుంటాదే?" అని అడిగేది. రంగులూ, మాటలూ, మగ్గం పనీ అన్నీ ఉదయ ఒడికి అలా చేరాయి.

ఇదంతా తరగతిలో నిలబడి చెప్పింది. కృపామణి మేడం కళ్ళు మెరిశాయి.

"మనం పుస్తకంలో చదివిన 'ఆసరా' అంటే ఇదేనమ్మా! మొదట మీ అవ్వ చెయ్యీ మాటా రెండూ ఇచ్చింది. తర్వాత చెయ్యి తీసేసింది. మాట ఒక్కటే నీకు చాలింది, యెందుకంటే అప్పటికే అది నీ లోపలికి పోయింది. నీకు పాప వుండాది కదా? దాంతో గూడా ఈ ఆట ఆడి చూడు. యేమవుతాదో వచ్చి చెప్పు."

ఎంత సంతోషంగా ఇంటికి వచ్చిందో ఆ తల్లి!

మరుసటి రోజు ఆదివారం. లైను రిపేరని పొద్దున్నే కరెంటు తీసేశారు. వీధి వీధంతా మూగబోయింది. కాకుల అరుపు కూడా కొత్తగా వినిపిస్తోంది. ఉదయలక్ష్మి పాపను ఎదురుగా కూర్చోబెట్టుకొని, కాస్త దూరంలో ఎర్ర కండె, పచ్చ కండె, నీలం కండె పెట్టింది.

"ఎర్ర కండె తే బంగారూ" అని వేలు చూపించింది. పాప పరుగున వెళ్ళి తెచ్చింది. "పచ్చది" అని చూపించింది. అదీ తెచ్చింది. తల్లి చప్పట్లు కొట్టింది. ఇక ఇప్పుడు చెయ్యి తీసేయాలి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నీలం కండె తేమ్మా."

పాప తల్లి ముఖంలోకి చూసింది. కదల్లేదు. తల్లి మళ్ళీ చెప్పింది, ఇంకాస్త గట్టిగా. పాప తల్లి భుజాల కేసి చూసింది, మోచేతుల కేసి చూసింది. తర్వాత మెల్లగా లేచి, తల్లి చుట్టూ తిరిగి వీపు వెనక్కి వెళ్ళింది. అక్కడ దాచిపెట్టిన చేతుల్ని పట్టుకొని, ముడిచిన వేళ్ళను ఒక్కొక్కటే విప్పి చూడసాగింది.

మాట ఆ వేళ్ళలో ఉందనుకుంది ఆ పసిది.

"అత్తా!" అని ఉదయలక్ష్మి కేక పెట్టింది. వంటింట్లోంచి చౌడేశ్వరమ్మ ఉలిక్కిపడి వచ్చింది. వాకిట్లో కండెలు సర్దుకుంటున్న లోకేష్ పరుగెత్తుకొచ్చాడు. ఎదురింటి కోడలు జాహ్నవి గడపలోంచి తొంగి చూసింది. తల్లి వీపు వెనకే నిలబడ్డ లోహిత ఒక్కతే తలెత్తలేదు. వేళ్ళు విప్పుకుంటూనే ఉంది.

పాపకు వినపడడం లేదని ఉదయలక్ష్మి అనగానే చౌడేశ్వరమ్మకు కోపం ముంచుకొచ్చింది. "నోరు కడుక్కో! బిడ్డకు చెవుడని కన్నతల్లే అంటాదా? చెవుడైతే మగ్గం ఆగంగానే యెట్ల లేస్తాది? కరెంటు పోయిన ప్రతిసారీ టక్కుమని కండ్లు తెరస్తాది కదా! చప్పుడు వినపడకుంటే, చప్పుడు ఆగిందని దానికెట్ల తెలుస్తాది? చదువుకున్నావు, ఇది చెప్పు!"

ఉదయలక్ష్మికీ అవును కదా అనిపించింది. లోకేష్ కూడా గట్టిగా ఊపిరి వదిలాడు. "నువ్వు గమ్మునుండు ఉదయా. ఊరికే భయపెట్టినావు అందర్నీ."

మధ్యాహ్నానికి కరెంటు వచ్చింది. మగ్గాలు మొదలయ్యాయి. అన్నం తిన్న లోహిత ఊయలలో నిద్రపోయింది. ఊయల ఊపుదామని ఉదయలక్ష్మి తాడు మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తాడు వణుకుతోంది. ఎవరూ ఊపకుండానే సన్నగా, ఆగకుండా వణుకుతోంది. ఆమె దూలం మీద చెయ్యి పెట్టింది, గోడ మీద పెట్టింది. అన్నీ అదురుతున్నాయి. పాప రోజూ చెంప ఆనించే గోడ అది.

అంతలో కరెంటు మళ్ళీ పోయింది. మగ్గాలు ఆగాయి. ఆమె చేతిలోని తాడు చచ్చిన పాములా చల్లగా ఊరుకుంది. పాప టక్కుమని కళ్ళు తెరిచింది.

ఉదయలక్ష్మి ఊయలకు తల వైపున, పాపకు కనిపించకుండా నిలబడింది. "లోహితా" అంది. "లోహితా... నా తల్లీ... ఇట్ల సూడమ్మా..." ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు మూడిళ్ళ అవతలికి వినిపించింది. పాప దూలం వైపు చూస్తూ, అదురు ఎక్కడికి పోయిందా అన్నట్టు, చెయ్యి చాపి తాడును తడుముకుంది.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన చౌడేశ్వరమ్మ అక్కడే కూలబడింది. మగ్గం ఆగితే లేస్తుందిలే అన్న ధైర్యమే వాళ్ళ కొంప ముంచింది.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో పాపను నిద్రపుచ్చి, తలకు వైర్లు అంటించి పరీక్ష చేశారు. డాక్టరు పిలిచి చెప్పాడు. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయి. పెద్ద చప్పుళ్ళు కొద్దిగా తెలుస్తాయి, మనిషి మాట మాత్రం అందదు.

"మగ్గాల మోతకేనా సార్?" అని లోకేష్ అడిగాడు.

"పుట్టుకతోనే వుందేమో, మోత వల్ల వచ్చిందేమో, ఇప్పుడు నేను తేల్చి చెప్పలేను. పుట్టగానే పరీక్ష చేయించివుంటే తెలిసేది. మోత చెవిని తినేస్తాది, అది మాత్రం నిజం. ఆ గదిలో పాపను ఇంక ఒక్కరోజు గూడా వుంచొద్దు. వినికిడి మిషను పెడదాం."

"మాటలొస్తాయా సార్?" ఇది తల్లి.

డాక్టరు పాప వైపు చూశాడు. పాప అతని బల్ల మీద చెంప ఆనించి ఏదో వెతుకుతోంది.

"కొన్ని వస్తాయమ్మా. యెన్ని అనేది చెప్పలేను. మాట నేర్చుకునే వయసు ఒకటి వుంటాది. అందులో చాలా భాగం పోగొట్టుకున్నాం. మిగిలింది పోకుండా చూడండి."

మొక్కై వంగనిది మానై వంగునా అని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అల్లరి పిల్లల్ని కొట్టడానికి ఆ సామెత వాడుకున్నామే తప్ప, మొక్కకు నీళ్ళు అందుతున్నాయా అని ఎవరు చూశారు?

లోకేష్ వీధికి దూరంగా, రైలు స్టేషను వైపు ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఉదయలక్ష్మి ఆ ఏటికి చదువు ఆపేసింది. మిషను పెట్టిన మొదటి రోజు లోహిత భయంతో గుక్కపట్టి ఏడ్చింది. గిన్నె కిందపడినా ఏడ్చింది, తన ఏడుపు తనకే వినపడి మళ్ళీ ఏడ్చింది. నెలలు గడిచాయి. ఇప్పుడు పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది. అంతే. తల్లి రోజూ కండెలు ఎదురుగా పెట్టుకొని, చెయ్యీ మాటా రెండూ ఇస్తూ కూర్చుంటుంది. చెయ్యి తీసేసే రోజు ఎప్పుడొస్తుందో ఆమెకు తెలియదు. 'అమ్మ' ఇంకా రాలేదు.

ఒకరోజు చౌడేశ్వరమ్మ, పాత ఇంట్లోనే మగ్గాలు నడుపుతున్న కొడుకుకు క్యారియరు ఇవ్వడానికి వెళ్ళింది. ఎదురింట్లో మగ్గాలు ఆడుతున్నాయి. వాటి మధ్య దూలానికి ఒక ఊయల. జాహ్నవి కొడుకు పునీత్, పాలుతాగే పసివాడు, హాయిగా నిద్రపోతున్నాడు. జాహ్నవి ఆమెను చూసి నవ్వి, రెండు అరచేతులూ చెంప కింద పెట్టి 'పడుకున్నాడు' అని సైగ చేసింది.

చౌడేశ్వరమ్మ ఏదో అరిచింది. జాహ్నవి చెవి దగ్గర చెయ్యి ఊపింది, వినపడలేదని. ముసలామె ఇక ఆగలేదు. గబగబా నడిచి గోడకున్న మెయిను స్విచ్చి లాగేసింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

ఊయలలో పసివాడు టక్కుమని కళ్ళు తెరిచాడు.

"అయ్యో, యేంది పెద్దమ్మా, ఆపేస్తివే!" అంది జాహ్నవి. మరుక్షణం ఆమె ముఖం వికసించింది. "నీ భయం నాకు తెలుసులే. మావాడికట్లాంటిదేం లేదు. సూడు, మగ్గం ఆగంగానే యెట్ల లేచినాడో! బాగా వినపడతాది వాడికి."

చౌడేశ్వరమ్మ ఊయల తాడు పట్టుకొని నిలదొక్కుకుంది. కళ్ళు తుడుచుకోలేదు.

"నేనూ ఈ మాటే అంటిని తల్లీ. మా మగ్గాల కాడ నిలబడి, ఇంతే ధీమాగా అంటిని. ఆ మాట నమ్ముకొనే నా మనవరాలి నోరు మూసేస్తిమి. దేవుడి దయవల్ల వీడికి బాగానే వినపడతాదేమో. కానీ అనుకోవద్దు, సూడు. వాడి తల యెనక్కి పోయి, వాడికి కనపడకుండా నిలబడి, పేరు పెట్టి పిలువు. తిరగకుంటే రేపే ఆసుపత్రికి పో. తిరిగినా సరే, ఊయలను ఈడ నుంచి తీసెయ్. మోత లేని చోటికి తీసకపోయి, దినామూ వాడితో నోరారా మాట్లాడు."

జాహ్నవి ముఖంలో నవ్వు చెదిరిపోయింది. ఊయల వెనక్కి వెళ్ళి నిలబడింది. నోరు తెరిచింది, పిలవలేకపోయింది. ఏ తల్లికైనా ఆ క్షణం అంత భయంకరమైనదే.

"పిలువమ్మా" అంది చౌడేశ్వరమ్మ. "బిడ్డ గమ్మునుంటే బుద్ధిమంతుడని మురిసిపోయేది మన అజ్ఞానం. మన మాట బిడ్డకు అందుతాండాదా అని ముందు పిలిచి సూసుకోవాల. మాటలు నేర్చే వయసు యే ఇంటి కోసమూ ఆగదు."