నాలుగొచ్చిన గుంట, ఒకటొచ్చిన గుంటడు

సోమవారం నిర్మల బడికి రాలేదు. జ్వరమేమో అనుకుంది గంగాభవాని. మంగళవారం కూడా ఆ పిల్ల కూర్చునే చోటు ఖాళీగానే ఉండేసరికి మనసు ఊరుకోలేదు. పార్వతీపురం దగ్గరి పల్లె నుంచి హుకుంపేట మండలంలోని ఈ కొండ బడికి టీచరుగా వచ్చి ఆమెకు ఇది రెండో ఏడు. అయిదో తరగతి నిర్మల వానకో చలికో బడి మానే పిల్ల కాదు.

"ధనుంజయ్, నిర్మల ఎందుకు రావట్లేదురా?"

ధనుంజయ్ నిర్మలకు మేనమామ కొడుకు. ఇద్దరి ఇళ్లూ ఎదురెదురుగానే ఉంటాయి. వాడి ఒంటి మీద కొత్త చొక్కా ఉంది. కొత్త చొక్కా వేసుకున్న పిల్లవాడి హుషారు మాత్రం లేదు.

"మావ ఇంక బడికి పంపడంట మేడం. కాఫీ పళ్లు కొయ్యడానికి తోటకి తీసుకెళ్తన్నాడు."

"అదేంటి?"

"పరీచ్చలో దానికి నాలుగొచ్చిందని" అని చెప్పి వాడు తల దించుకున్నాడు.

గంగాభవానికి అర్థం కాలేదు. మొన్న జిల్లా అంతటా అయిదో తరగతి పిల్లలకు ఒకే పరీక్ష పెట్టారు. దాని ఫలితాల కాగితాలు వచ్చి వారమైంది. ఆమె పాడేరులో ట్రైనింగులో ఉన్న రోజున హెడ్‌మాస్టరు వరహాలరావు తల్లిదండ్రుల్ని పిలిచి పంచేశారు. ఆ కాగితంలో నిర్మలకు తెలుగులో నాలుగు, లెక్కల్లో నాలుగు, పరిసరాల విజ్ఞానంలో మూడు వచ్చాయని ఆమెకు బాగా గుర్తు. తరగతి మొత్తంలో అంత బాగా చేసిన పిల్ల ఇంకొకరు లేరు. అలాంటి పిల్లను బడి మాన్పించడమేమిటి?

బడి వదిలాక చెప్పులు బిగించుకుని కొండదారి పట్టింది.

నిర్మల తండ్రి భీముడి ఇంటి ముందు టార్పాలిన్ పరిచి కాఫీ పళ్లు ఆరబోశారు. నిర్మల గొంతుక్కూర్చుని వాటిలోంచి ఆకులూ పుల్లలూ ఏరుతోంది. టీచర్ని చూడగానే లేచి, పళ్ల జిగురుతో నల్లబడిన చేతులు వెనక్కి దాచుకుంది. తల్లి చిట్టెమ్మ లోపలి నుంచి చాప తెచ్చి వేసింది. భీముడు గొడ్డలి గోడకు ఆనించి వచ్చి నిలబడ్డాడు.

"దీనికోసమే వచ్చినారా టీచరమ్మా? వద్దండి. మానిపించీసినాం."

"ఎందుకన్నా? బాగా చదివే పిల్లని?"

"ఏటి బాగా సదివింది? మా బావ గాసి కొడుక్కి ఒకటొచ్చింది. మిగతా గుంటలకి కొందరికి రెండు, కొందరికి మూడు. మా ఊర్లో నాలుగొచ్చింది దీనికొక్కదానికే. అదీ ఒక దాంట్లో కాదు, రెండిట్లో. అందరికంటే ఎనకబడిపోనాదని ఊరంతా తెలిసిపోనాది. ఏ మొకం పెట్టుకుని పంపమంటారు?"

ఆ అంకెల్ని వీళ్లు రేంకులనుకున్నారని గంగాభవానికి అప్పుడర్థమైంది. ఇంతలో నిర్మల సన్నగా అంది: "నేను అన్నీ రాసాననే అనుకున్నాను మేడం. ఏది తప్పయిందో తెలీడం లేదు."

ఆ మాటకు టీచరు కళ్లు చెమర్చాయి. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

"నువ్వేదీ తప్పు రాయలేదే పిచ్చిదానా! అన్నా, అది రేంకు కాదు. పరుగుపందెంలో ఒకటంటే ముందొచ్చినట్టు. ఈ కాగితంలో అలా కాదు." ఎలా చెప్పాలా అని అటూ ఇటూ చూసింది. ఎదురుగా వాలులో చోడి పైరు కోసేసిన మళ్లు కింద నుంచి మీదకు మెట్లు మెట్లుగా ఉన్నాయి. "అదిగో, ఆ మళ్లు చూడండి. వాగు దగ్గర నుంచి పైకి ఎక్కేటప్పుడు ముందు ఏ మడి వస్తుంది?"

"అడుగుది."

"అది ఒకటి. దాని పైది?"

"రెండు."

"అలా ఎక్కుతూ పోతే నాలుగో మడి ఎక్కడుంటుంది?"

భీముడు మళ్లను చూశాడు. వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. "పైన" అన్నాడు నెమ్మదిగా.

"మీ పాప అక్కడుంది. అంతకంటే పై మెట్టు ఈ పరీక్షలో లేదు. మూడొచ్చిందే, అది కూడా మంచి మెట్టే. అయిదో తరగతి పిల్లకి ఏమేం రావాలో అవన్నీ వచ్చినట్టు."

చిట్టెమ్మ గుమ్మంలోనే కూలబడిపోయింది. "అయ్యో నా తల్లీ! రెండు రోజులైంది, అన్నం సరిగా తిన్లేదు టీచరమ్మా. నానూ తిట్టినాను" అంటూ నిర్మలను దగ్గరకు లాక్కుంది. ఆ పిల్ల జిగురు చేతులతోనే తల్లి మెడ పట్టుకుని ఏడ్చింది. భీముడు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు, మళ్లీ చుట్టుకున్నాడు, మళ్లీ విప్పాడు. ఉన్నట్టుండి ఎదురింటి వైపు తిరిగి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఓ బావా! గాసి బావా!"

"అన్నా, ఆగండి" అంది గంగాభవాని.

అంతవరకూ ఆమెకూ తట్టలేదు. నాలుగు పైదయితే ఒకటి ఏమిటి? భీముడు కూడా ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

"అంటే, మా బావ కొడుక్కి..."

"తెలుగులో ఒకటి" అందామె.

భీముడు చెయ్యి దించేశాడు. "మొన్న కోడిని కోసి ఊర్లో అందరికీ పెట్టినాడు టీచరమ్మా. నన్నూ కూకోబెట్టి తినిపించినాడు. ఇప్పుడు నాను సెప్తే ఎగతాళి సేత్తన్నానంటాడు. మీరే సెప్పండి."

ఆమె గాసి ఇంట్లోకి అడుగు పెట్టింది. ఫలితాల కాగితానికి గాసి హుకుంపేటలో లామినేషన్ చేయించి గోడ గడియారం పక్కనే మేకుకు తగిలించాడు. ఆయన టీచర్ని చూడగానే భార్యను టీ పెట్టమని కేకేసి, కుర్చీ తుడిచి వేశాడు.

"సూసారా మేడమ్మా! మా వంశంలో పేరు రాయడం వచ్చినోడు లేడు. వీడికి తెలుగులో ఫస్టు! సైన్సులో రెండు. లెక్కల్లోనే మూడొచ్చింది. అందుకని రోజూ గెడ్డి పెడతన్నాను, లెక్కలు మీద ద్యాస పెట్టరా అని."

ధనుంజయ్ పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టీచరు తమ ఇంటికి ఎందుకు వచ్చిందో వాడికి అర్థమైనట్టే ఉంది.

"గాసన్నా, ఆ కాగితం గురించే ఒక మాట చెప్పాలని..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఆయన మొహం అంత వెలుగుతో ఉంది. ఏ మాటతో మొదలెట్టినా ఆ వెలుగు ఆరిపోతుంది.

"అయ్యా" అన్నాడు ధనుంజయ్. "నేను తెలుగు రాయలేదు."

"ఏటి?"

"పెద్ద పేరా ఇచ్చి ప్రెశ్నలు ఇచ్చినారు. నాకు సదవడం రాలేదు. ఊరికే ఏదో ఒకటి గీసీసినాను. ఫస్టు రాదు నాకు."

గాసి టీచరు వైపు చూశాడు. ఆమె భీముడికి చెప్పినట్టే చెప్పింది. కింద మడి, పైమడి, మధ్య మళ్లు. ఈసారి మాటలు నెమ్మదిగా ఏరుకుంటూ చెప్పింది. ఇది పిల్లల్ని ఒకరి పక్కన ఒకర్ని పెట్టి కొలిచింది కాదనీ, ఏ పిల్లవాడు ఏ పాఠంలో ఎక్కడి దాకా వచ్చాడో చూసుకోవడానికేననీ చెప్పింది.

గాసి లేచి గోడ మీంచి కాగితం తీశాడు. ధనుంజయ్ భుజాలు బిగుసుకున్నాయి. గాసి దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూశాడు. తనకు చదవడం రాకపోయినా అంకెలు వచ్చు.

"నీకు ఎప్పట్నించి తెలుసురా?"

"కోడి కోసిన కాడ్నించి."

"మరి ఎందుకు సెప్పలేదు?"

"నువ్వు నవ్వతన్నావు కదా అయ్యా" అన్నాడు వాడు.

గాసి కాగితాన్ని పక్కన పెట్టి కొడుకు దగ్గరకు వెళ్లి తల పట్టుకుని పొట్టకు అదుముకున్నాడు. వాడు ముందు గట్టిగా నిలబడ్డాడు, తరవాత ఒళ్లంతా వదిలేసి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు బాధతో వచ్చింది కాదని, పెద్ద మోపు దించుకున్నవాడికి వచ్చే ఊపిరిలాంటిదని గంగాభవానికి అనిపించింది.

కొంతసేపటికి గాసి అడిగాడు. "అయితే మేడమ్మా, లెక్కల్లో మూడంటే?"

"అదే మీరు వినాల్సింది. మూడంటే పై నుంచి రెండో మెట్టు. లెక్కల్లో మా క్లాసులో నిర్మల తరవాత వీడే."

"నాను లెక్కలకే కదా తిట్టినాను!" గాసి నోరు వెళ్లబెట్టాడు. ఆ తరవాత నవ్వొచ్చింది ఆయనకు. కళ్లలో నీళ్లుండగానే నవ్వాడు. "వచ్చినదానికి తిట్టి రానిదానికి కోడిని కోసినాను!" టీ గ్లాసులు పట్టుకొచ్చిన ఆయన భార్య కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

గంగాభవాని తన సంచిలోంచి తెలుగు వాచకం తీసి ధనుంజయ్‌కి ఇచ్చింది. వాడు వేలు పెట్టి చదివాడు. చిన్న చిన్న మాటలు గబగబా వచ్చాయి. 'పుస్తకం' దగ్గర ఆగాడు. 'సూర్యుడు' దగ్గర ఆగాడు. వత్తున్న మాట వచ్చిన చోటల్లా వేలు అక్కడే ఉండిపోయింది.

"వీడు మూడో తరగతిలో చాలా రోజులు బడికి రాలేదా?" అని అడిగింది.

"మలేరియా వచ్చింది" అంది తల్లి. "వానాకాలం అంతా మంచం మీదే. పాడేరు ఆస్పత్రిలో కూడా ఉంచినాం."

"వత్తులు నేర్పింది అప్పుడే. అందరూ నేర్చుకున్నారు, వీడు మంచం మీదున్నాడు. తరవాత ఎవరూ వెనక్కి వెళ్లి నేర్పలేదు. బుర్ర లేక కాదు గాసన్నా. ఒక్క మెట్టు రాయి పడిపోయింది, అంతే. అది పెడితే వీడే ఎక్కుతాడు."

"పెట్టేద్దాం" అన్నాడు గాసి వెంటనే. "ఏటి సెయ్యాలో సెప్పండి. సాయంత్రాలు ఉంచుకుంటారా? నాను వచ్చి తీసుకెళ్తాను."

బయట అడుగుల చప్పుడైంది. భీముడు లోపలికి రావాలా వద్దా తేల్చుకోలేక వాకిట్లో తచ్చాడుతున్నాడు. గాసి చూశాడు.

"అక్కడే నిలబడ్డావేటి బావా? లోపలికి రా. నీ గుంటకి నాలుగొచ్చిందంట కదా! ఇప్పుడు కోడి నువ్వు కొయ్యాల."

భీముడు గట్టిగా ఊపిరి వదిలి లోపలికి వచ్చాడు. బావమరుదులిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు. అప్పుడు గాసికి ఇంకో ఆలోచన వచ్చింది.

"మేడమ్మా, ఊర్లో ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి ఈ కాగితాలు. మాలాగే తిరగేసి సదివినోళ్లు ఇంకెంతమందో. ఆ గుంటలు ఎన్ని దెబ్బలు తింటన్నారో. పొద్దుండగానే ఓ సుట్టు తిరిగొద్దామా?"

అలా పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని బయల్దేరారు. ప్రతి ఇంటి ముందూ టీచరు కాగితం చూసి చెప్పింది. ఇంట్లో తెలుగు రాని ముసలివాళ్లుంటే నిర్మల వాళ్ల భాషలో చెప్పింది. ఒక ఇంట్లో మూడొచ్చిందని కొడుకును రెండు రోజులుగా మాట్లాడించని తల్లి, విషయం విని వాడి వీపు నిమురుతూ ఉండిపోయింది. రెండొచ్చిన పిల్లల ఇళ్లలో ఏం చేయాలో గంగాభవాని చెబుతుంటే గాసి పక్కనే నిలబడి, ఎవరూ అడక్కుండానే, "మావోడికి తెలుగులో ఒకటొచ్చింది. అడుగు మెట్టు. రేపట్నించి నేర్పుతానన్నారు మేడమ్మ" అని చెప్పాడు. మొదటి ఇంట్లో ఆ మాట అనడానికి ఆయనకు కొంచెం కష్టమైంది. తరవాత అలవాటైపోయింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి పొగమంచు వాగు మీదకు దిగుతోంది. గంగాభవాని హుకుంపేట వెళ్లే జీపు కోసం రోడ్డు మీద నిలబడింది. నిర్మల, ధనుంజయ్ ఆమెతో పాటే కిందకు వచ్చారు.

"వత్తులు మొత్తం ఎన్ని మేడం?" అడిగాడు ధనుంజయ్.

"నువ్వు భయపడేటన్ని లేవు."

వాడు నిర్మల వైపు తిరిగాడు. "లెక్కలు నీకు నేను సెప్తాను. నువ్వు నాకు వత్తులు సెప్పు."

"నీకంటే నాకే లెక్కలు ఎక్కువొచ్చాయిరా" అంది నిర్మల. వాడు నవ్వేశాడు. జీపు వంపు తిరిగి వస్తూ హారన్ కొట్టింది.