జవాబు మూసి చూస్తే

ఆమె మాత్రను చెంచాతో నలిపి పండు గుజ్జులో కలుపుతుంటే, వంటింటి గడప దాటకుండానే భర్త అన్నాడు. "నెలాఖరుకి ఉద్యోగం మానెయ్. అమ్మను ఇంకెవరు చూస్తారు? ఇది కూడా చెప్పాలా?"

పక్షవాతం వచ్చినప్పటి నుంచి అత్తగారికి ముద్ద దిగడం లేదు. ముఖాన్ని చచ్చుబడిన వైపుకు తిప్పి మింగిస్తే పొలమారదని కనిపెట్టింది కోడలే. ఎన్నిసార్లు తన మీద ఉమ్మించుకుంటే ఆ కిటుకు దొరికిందో, ఆ బట్టలు ఉతుక్కున్న చేతులకే తెలుసు. "ఇందులో ఏముంది, ఎవరికైనా తట్టేదే" అన్నాడు భర్త. ఆ సాయంత్రమే ఫోన్లో అక్కతో, "మేం ఓ ఉపాయం కనిపెట్టాం" అన్నాడు. చాకిరీకి నువ్వు, పేరుకి మేము అన్నమాట. ఆమెకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

ఆఫీసులో ఆమె పని పేటెంటు దరఖాస్తులు పరీక్షించడం. ఏ రంగంలోనైనా ఆ విద్య తెలిసినవాళ్ళకు ఇట్టే తట్టే సంగతికి పేటెంటు ఇవ్వకూడదు. ఆవేళ బల్ల మీదికి వచ్చింది చేతివణుకు వైద్యం మీద ఒక దరఖాస్తు. మందు పాతదే, జబ్బూ పాతదే. ఒక్కసారి వేసే మోతాదును విడగొట్టి, కొంచెం కొంచెంగా భోజనానికి ముందు ఇస్తే రోగి తన చేత్తో తాను తినగలుగుతున్నాడు.

"వేళ మార్చారు, అంతేగా. కొట్టెయ్యమ్మా" అన్నాడు పై అధికారి.

ఆమె రాయడం మొదలుపెట్టింది. 'ఇది ఎవరికైనా తట్టేదే' అన్న దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆ మాట ఎక్కడ నేర్చుకుందో గుర్తొచ్చి సిగ్గేసింది.

జవాబు తెలిశాక ఏ చిక్కయినా తేలికే. అందుకే ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. జవాబు మూసిపెట్టి, అంతకు ముందు ఆ విషయం మీద వచ్చిన కాగితాలే చదవాలి. తొందరలో ఆమె ఆ పని చెయ్యలేదు. ఇప్పుడు చదివింది. వణుకు తగ్గకపోతే వైద్యులు మోతాదు పెంచారు, ఇంకా పెంచారు, చివరికి పక్కన కూర్చుని తినిపించమని ఇంట్లో ఆడవాళ్ళకు చెప్పి చేతులు దులుపుకున్నారు. వేళ మార్చి చూద్దామని ఒక్కరూ అనుకోలేదు.

"కొట్టెయ్యలేనండి" అంది ఆమె. "అంత తేలికైతే ఇన్నేళ్ళూ అంతమంది పెద్దలకు ఎందుకు తట్టలేదు?"

ఆయన ముఖం చిట్లించి, సరే కానిమ్మన్నాడు.

ఇంటికొచ్చి, అత్తగారికి తినిపించి మూతి తుడిచాక ఆమె భర్త ఎదురుగా కూర్చుంది.

"నేను ఉద్యోగం మానను."

"మరి అమ్మ?"

"కోడలనేది లేదనుకుని చూడండి. ఆవిడ కడుపున పుట్టినవాళ్ళు ఉన్నారుగా. ఎవరు చూడాలో మీరే చెప్పండి."

అతను నుదురు రుద్దుకున్నాడు. "అక్కకు వాళ్ళింట్లో కుదరదు. అన్నయ్యకు దుకాణం" అని ఆగాడు. పక్కగదిలో తల్లికి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. అతను నిజంగానే ఆలోచిస్తున్నాడు. ఆమె ఓపిగ్గా ఎదురుచూసింది.

అతనికి ఇంకెవరూ తట్టలేదు. తానూ ఒక కొడుకేనన్న సంగతి కూడా.