చూసిపెట్టిన బండి

ఆమె తడిబట్టలు విదిలించి తీగ మీద ఆరేస్తుంటే, ఆయనగారు కుర్చీలోంచి కదలకుండానే ఆజ్ఞ జారీ చేశాడు.

"ఇదిగో, నాకో సెకండ్ హ్యాండ్ బండి చూసిపెట్టు. మామూలుది కాదు, దూరప్రయాణాలకి పనికొచ్చే స్పోర్ట్ టూరింగ్ బైకు. మా ఆఫీసులో అందరూ ఆదివారాలు దూరాలు పోతున్నారు."

డబ్బు మాత్రం ఆమెది. సాయంత్రాలు ఆఫీసులో ఎక్కువసేపు కూర్చుని కూడబెట్టుకున్నది. కొత్త బండికి చాలదు, పాతదానికైతే సరిపోతుంది. "మొగుడూ పెళ్ళాలకి వేరువేరు డబ్బులేమిటమ్మా?" అంది అత్తగారు. కొడుకు జీతం విషయంలో ఆవిడకి ఈ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు.

ఆ ఇంట్లో చూసిపెట్టడం ఆమె పని, సెలెక్ట్ చేయడం ఆయన పని. ఫ్రిజ్జయినా, కర్టెన్లయినా, అత్తగారి మోకాళ్ళ డాక్టరయినా అంతే. ఆమె కాళ్ళరిగేలా తిరిగి, ఫోన్లు చేసి, బేరాలాడి రెండు మూడు తెచ్చి ముందు పెడితే, ఆయన గడ్డం గోక్కుని ఒకదాని మీద వేలు పెడతాడు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ "బాగా స్టడీ చేసి తీసుకున్నానండీ" అంటాడు. ఆమె మేనేజరుదీ ఇదే జాతి. రిపోర్టు ఆమెది, సంతకం ఆయనది, మీటింగయ్యాక కాఫీ కప్పులు తీసేది మళ్ళీ ఆమే. ఇద్దరూ ఒకే బడిలో చదివారేమో అనుకునేది.

సరే, చూడటం మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు నాన్న మోటార్ సైకిల్ నడిపిన చేతులవి. "అత్తవారింట్లో ఇవన్నీ బాగుండవు తల్లీ" అని నాన్నే తాళం తీసేసుకున్నాడు. అప్పట్నుంచీ వెనక సీటే గతి. వెనక సీటంటే ఊరికే కూర్చోవడమా? ఒళ్ళో కూరగాయల సంచి, భుజానికి ఆయన లంచ్ బ్యాగు, చేతిలో అత్తగారి మందులు. "సామాను ఒళ్ళో పెట్టుకో, కదలకు, నా బ్యాలెన్స్ పోతుంది" అంటాడు. ఇన్నేళ్ళూ లోకాన్ని ఆయన చొక్కా కాలరు పక్కనుంచే చూసింది. ఆ కాలరు ఇస్త్రీ చేసిందీ తనే. అయినా లైసెన్సు మాత్రం గడువు తీరకుండా రెన్యూ చేయించుకుంటూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

చైను సాగిందో లేదో ఎలా చూడాలి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లోంచి ఆయిలు కారుతోందా, టైరు ఎంత పాతది, ఎక్కడైనా గుద్ది అతికించారా, అన్నీ వంట చేస్తూనే ఫోన్లో చదివి నేర్చుకుంది. ఇలాంటి బండి వేగంగా పోవడమే కాదు, రోజంతా నడిపినా నడుం పట్టేయదని ఎవరో రాశారు. రోజంతా! ఒక్కరోజంతా తను ఎక్కడికైనా, తనంతట తను, వెళ్ళిందా? ఆ బండి తనకే కావాలనిపించింది. అనిపించినందుకు భయం కూడా వేసింది. ఆ భయంతోనే ఆయన కోసం వెతుకుతూ పోయింది.

మొదట ఆయనతో కలిసి వెళ్ళి చూసింది ఎర్రటి బండి. అమ్మేవాడు షెడ్డులోంచి నవ్వుతూ వచ్చి, "వారం నుంచి బయటికే తీయలేదు సార్, మీకోసమే ఉంచాను" అన్నాడు. సారుగారు అప్పటికే అద్దంలో జుట్టు సర్దుకుంటున్నాడు. ఆమె ఇంజను మీద చెయ్యి పెట్టింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది.

"వారం నుంచి తీయనిది ఇంత వేడిగా ఉందేం? చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవదా?"

అమ్మేవాడు ఆయన వైపు తిరిగి, "మేడమ్ గారికి కలర్ నచ్చినట్టు లేదు సార్" అన్నాడు.

ఆయన పగలబడి నవ్వాడు. ముక్కూమొహం తెలీనివాడితో కలిసి, కట్టుకున్న పెళ్ళాం మీద. ఆమెకు మొదట సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. ఆ రెండూ పోయాక మిగిలింది అసహ్యం. ఇన్నాళ్ళూ ఈ మనిషికి భయపడ్డానా అనుకుంది.

"ఒక రౌండ్ వేసొస్తా చూడు" అని ఆయన బయలుదేరాడు. సందు మలుపులో బండి నెమ్మదిగా, ఎంతో మర్యాదగా పక్కకి ఒరిగింది. ఆయనా దాంతోపాటే ఒరిగాడు. బండిని లేపింది ఆమె, అమ్మేవాడూను. ఆయన ప్యాంటు దులుపుకుంటూ, "నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే బ్యాలెన్స్ ఎలా కుదురుతుంది?" అన్నాడు. ఆ వెంటనే, "ఇదే ఖాయం. రేపు డబ్బు కట్టేసెయ్" అన్నాడు.

"చూస్తాను" అంది ఆమె. ఆ ఇంట్లో ఆ మాటకి 'సరే' అనే అర్థం. అందుకే ఆయన ఇంకేమీ అడగలేదు.

మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఇంకో బండి చూడటానికి వెళ్ళింది. వెలిసిపోయిన బూడిద రంగు, పక్కన ఒక గీత. అమ్ముతున్నది రిటైరైన లెక్కల మాస్టారు. "పొద్దుట్నుంచి ముట్టుకోలేదమ్మా, మీరే స్టార్ట్ చేసుకోండి" అన్నాడు. చల్లటి ఇంజను మొదటిసారికే అందుకుంది. ఆమె పాదాలు రెండూ నేలకి ఆనాయి. ఊరి చివరిదాకా వెళ్ళింది. ఎదురుగా ఏ కాలరూ లేదు. హెల్మెట్‌లో గట్టిగా నవ్వుకుంది.

తిరిగొచ్చాక మాస్టారు సందేహంగా అడిగాడు. "మీవారికి నచ్చుతుందంటారా?"

"అస్సలు నచ్చదండీ" అంది సంతోషంగా.

సాయంత్రం ఆమె ఆ బూడిద రంగు బండి తెచ్చి గేటు ముందు ఆపేసరికి అత్తగారు గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆయన బండి చుట్టూ తిరిగి చూసి మూతి ముడుచుకున్నాడు.

"నేను ఎర్రది కదా సెలెక్ట్ చేశాను! సర్లే, తాళం ఇటివ్వు. ఆదివారం నేను నడుపుతా, నువ్వు వెనక కూర్చుందువుగాని." అంటూనే వెనక్కి చూసి ఆగిపోయాడు. "వెనక సీటేదీ?"

"తీయించేశాను. అక్కడ సామాను పెట్టె పెట్టించాను." తాళం జేబులో వేసుకుంది. "ఈసారి నాకోసం చూసుకున్నానండీ. మిమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుందామనే అనుకున్నాను గానీ, సామాను ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవడం మీకు రాదుగా!"